అమీనా గుమ్మంలోకి వస్తే: జప్తు కథ, మా ఊరి నుంచి బ్రాక్‌నెల్ దాకా

ఈసారి పోస్టు పెద్దది. టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చుని చదవండి. కుదరకపోతే సేవ్ చేసుకుని ఆదివారం చదవండి. చదవకుండా మాత్రం వదిలేయకండి. ముఖ్యంగా సొంతంగా పనులు పట్టి చేస్తున్నవాళ్లు.

మొన్న జనవరిలో ఒక మంగళవారం, పొద్దున ఏడున్నర. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సైటులో కుర్రాళ్లని లెక్కపెట్టుకుంటున్నా. మా దగ్గర టైల్స్ పని సబ్‌కాంట్రాక్టు చేసే ఒక తమ్ముడు ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడిపోయాడు. మొహం తెల్లగా పాలిపోయింది. "అన్నా, ఇంటికి ఎవరో ఇద్దరొచ్చారంట. ఒంటి మీద కెమెరాలు పెట్టుకున్నారంట. పోలీసులేమో అనుకుని తలుపు తీసిందంట. ఇంట్లో సామాను రాసుకుంటున్నారంట" అన్నాడు.

ఇద్దరం పరిగెత్తాం. బ్రాక్‌నెల్లో రౌండెబౌట్లు ఎన్నో మీకు తెలుసు కదా, ఆ పూట ఒక్కొక్కటీ ఒక్కో మైలు అనిపించింది. వెళ్లేసరికి ఆ చెల్లెలు చంటిపిల్లని ఎత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తా ఉంది. వచ్చినవాళ్లు అరవలేదు, తిట్టలేదు. మర్యాదగానే మాట్లాడారు. టీవీ, సోఫా, టైల్ కటింగ్ మిషను, బయట నిలబెట్టిన వ్యాను అన్నీ కాయితం మీద రాశారు. వాళ్లు హైకోర్టు ఎన్‌ఫోర్స్‌మెంటు వాళ్లు. టైల్స్, గమ్ము అప్పిచ్చిన సామాన్ల కొట్టుకి మనవాడు 2,900 పౌండ్లు బాకీ. ఎందుకు కట్టలేదు? వీడికి పైనున్న బిల్డరు 4,000 పైచిలుకు ఎగ్గొట్టాడు కాబట్టి. పైవాడు ఇవ్వలేదు, వీడు కిందికి ఇవ్వలేదు. మన పనుల్లో ఇది కొత్త కథేం కాదు.

ఉత్తరాలేమీ రాలేదా అని అడిగితే మైక్రోవేవ్ మీద నుంచి కవర్లు తీసుకొచ్చాడు. నాలుగు. ఒక్కటి కూడా చింపలేదు.

ఆ కవర్లు చూడగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. అందుకే ఇది రాస్తున్నా.

మాది పర్చూరు పక్క నల్లరేగడి పల్లె. నాన్నకి చిన్న పురుగుమందుల కొట్టు ఉండేది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ పడింది. మీలో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. రైతులు మందు మీద మందు కొట్టారు, అప్పు మీద అప్పు చేశారు, పంట రాలేదు. పురుగుమందు తాగి రైతులు చనిపోవడం పేపర్లలో పెద్ద ఎత్తున రావడం ఆ ఏడే మొదలు. నాన్న మందులన్నీ అరువు మీదే ఇచ్చాడు. చిలకలూరిపేట హోల్‌సేలు వ్యాపారి దగ్గర ఆయనా అరువు మీదే తెచ్చాడు. రైతు ఇవ్వలేదు, నాన్న ఇవ్వలేదు. పేట వ్యాపారి దావా వేశాడు. సమన్లు వస్తే నాన్న చూరులో దోపాడు. కోర్టుకి పోలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది.

1990లో అమీనా వచ్చాడు. నాకు అప్పుడు పదేళ్లు. వెనక ఒక బంట్రోతు, ఒక బండి. కొట్లో కాటా, సైకిలు, రేడియో, నీళ్లు కాచుకునే రాగి గుండిగ, చివరికి మా అమ్మ కుట్టు మిషను కూడా బండెక్కించారు. ఆ మిషను మా అమ్మకి పుట్టింటివాళ్లు పెట్టింది. దాని మీద జాకెట్లు కుట్టే ఇల్లు నెట్టుకొస్తా ఉంది. ఊరంతా అరుగుల మీద నిలబడి చూశారు. అమీనా చెడ్డవాడేం కాదు. మంచినీళ్లు అడిగి తాగాడు, "ఏం చెయ్యనమ్మా, నా ఉద్యోగం ఇది" అన్నాడు. అమ్మ ఏం మాట్లాడలేదు.

ఆ మిషను తీసుకుపోవడానికి వాళ్లకి హక్కు లేదని నాకు తెలిసింది పోయినేడు, ఈ దేశంలో, నలభై దాటాక. అదెలాగో తర్వాత చెప్తా. ముందు పాత కథలోకి పోదాం.

మా ఊరి నుంచి సముద్రం వైపు పోతే మోటుపల్లి వస్తుంది. ఇప్పుడు చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడ వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద గణపతిదేవ మహారాజు 1244లో వేయించిన శాసనం ఉంది. అభయశాసనం అంటారు. అందులో సంగతేంటంటే: అంతకుముందు రాజులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడలు గాలివానకి దెబ్బతిని మన ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులో ఉన్న సరుకంతా బలవంతంగా లాక్కునేవాళ్లు. బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ. ఇకమీదట మేం అలా చెయ్యం, ఖరారైన సుంకం తప్ప ఇంకేం తీసుకోం అని గణపతిదేవుడు మాటిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. సముద్రం దాటి వచ్చేవాళ్లకి ధనం ప్రాణం కన్నా ఎక్కువని ఆయనకి తెలుసు. ఆ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి!

నేను చూసినంతలో, జప్తు చరిత్రలో పనికొచ్చే సంగతి ఎక్కడ చూసినా ఇదే. సామాను పట్టుకుపోవడం ఎప్పుడూ ఉంది. పట్టుకుపోయేవాడి చేతికి గీత గీసిన రోజులే చరిత్రలో రాసుకోదగినవి.

ఇప్పుడు ఇంగ్లండుకి రండి. బ్రాక్‌నెల్ నుంచి రీడింగ్ దాటి ఎం4 మీద పడమటికి ఒక గంట పోతే మార్ల్‌బరో అనే ఊరు. అక్కడ 1267లో మూడో హెన్రీ రాజు ఒక చట్టం చేశాడు. మోటుపల్లి శాసనానికీ దానికీ మధ్య 23 ఏళ్లే తేడా. అప్పట్లో ఇక్కడ బాకీ ఉన్నవాడి పశువుల్ని దొరలు తోలుకుపోయి దొడ్లో పెట్టేవాళ్లు. మన బందెలదొడ్డి ఉందే, అచ్చం అదే. ఇంగ్లీషులో దాన్ని పౌండ్ అంటారు. డబ్బు పౌండుకీ దానికీ పలుకు ఒకటే, మాట మాత్రం వేరు. ఆ మార్ల్‌బరో చట్టం ఏమందంటే: కోర్టు తీర్పు లేకుండా ఎవడూ సొంత పెత్తనంతో పగ తీర్చుకోవడానికి సొమ్ము పట్టకూడదు. పట్టిన సొమ్ముని జిల్లా దాటించకూడదు. బాకీకి తగినంతే పట్టాలి, మించకూడదు. రాజు మనుషులు తప్ప మామూలు దొరలు రాజబాట మీద పట్టకూడదు. అదే శతాబ్దంలో ఇంకో రూలు కూడా వచ్చింది: వేరే సామాను ఉండగా దున్నే పశువుల్ని పట్టకూడదని. దున్నే ఎద్దు పోతే ఆ బాకీ ఎప్పటికీ తీరదని అప్పుడే వాళ్లకి అర్థమైంది.

ఆ చట్టంలో మొదటి భాగం ఇప్పటికీ అమల్లో ఉంది. ఈ దేశంలో ఇంకా బతికున్న చట్టాల్లో అన్నిటికన్నా పాతది అదే. జప్తు గురించి ఉన్న రెండు భాగాలు మాత్రం 2014 ఏప్రిల్లో కొత్త రూల్స్ వచ్చినప్పుడు పోయాయి. 747 ఏళ్లు పనిచేశాయన్నమాట.

తర్వాతి ముచ్చట 1604లోది. లండన్ బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఒక ఇంట్లో గ్రెషమ్, బెరిస్‌ఫర్డ్ అని ఇద్దరు ఉమ్మడిగా ఉండేవాళ్లు. బెరిస్‌ఫర్డ్ అప్పు చేసి చనిపోయాడు. అప్పిచ్చిన సెమేన్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నాడు. షెరీఫు ఆ ఇంట్లో ఉన్న చనిపోయినవాడి సొమ్ము పట్టడానికి వస్తే గ్రెషమ్ తలుపేశాడు. తలుపెయ్యడం తప్పంటూ సెమేన్ ఆయన మీద దావా వేసి ఓడిపోయాడు. ఎవడి ఇల్లు వాడికి కోట, మామూలు బాకీ కోసం షెరీఫు వీధి తలుపు పగలగొట్టి రాకూడదు అన్నారు జడ్జీలు. రాజు తరఫు కేసులైతే, ముందు అడిగి, తీయకపోతే పగలగొట్టొచ్చు అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: ఆ కోట ఇంటివాడికే, వేరేవాడి సొమ్ము తెచ్చి దాచుకోవడానికి కాదు. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తాయి.

అయితే సామానుకి గీత గీశారు గానీ మనిషికి చాలాకాలం గీయలేదు. బాకీ తీర్చలేనివాణ్ణి జైల్లో వేసేవాళ్లు. లండన్ బరో స్టేషన్ దగ్గర మార్షల్సీ అనే అప్పుల జైలు ఉండేది. 1824లో చార్లెస్ డికెన్స్ రచయిత వాళ్ల నాన్నని రొట్టెలవాడికి 40 పౌండ్ల 10 షిల్లింగుల బాకీ కింద అందులో పెట్టారు. డికెన్స్‌కి 12 ఏళ్లు. చదువు మానేసి బూటు పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకి కాయితాలు అంటించే పనికి పోయాడు. ఆ జైలు గోడ ఒకటి ఇంకా ఉంది. ఒక ఆదివారం పోయి చూసొచ్చా. ఇటుక పని బాగుంది, గట్టిగా ఉంది. లోపల పెట్టినవాడు పని చెయ్యలేడు, పని చెయ్యలేనివాడు బాకీ తీర్చలేడు. ఈ చిన్న లెక్క అర్థం కావడానికి వాళ్లకి 1869 దాకా పట్టింది. ఆ ఏడు చట్టం చేసి మామూలు బాకీలకి జైలు చాలావరకు ఎత్తేశారు.

మధ్యలో 1846లో చిన్న బాకీల కోసం కౌంటీ కోర్టులు పెట్టారు. అందులో మంచి రూలు ఒకటి ఉంది: బాకీదారుడి బట్టలు, పక్కబట్టలు, వాడి పనిముట్లు 5 పౌండ్ల విలువ దాకా జప్తు చెయ్యకూడదు. 1888లో ఇంటి అద్దె బాకీకి సామాను పట్టే బెయిలిఫ్‌కి కోర్టు సర్టిఫికెట్ ఉండాలన్నారు. అప్పటిదాకా ఎవడు పడితే వాడు వచ్చి ఇల్లు ఊడ్చుకుపోయేవాడు.

మరి అదే దొరలు మన దగ్గర ఏం చేశారు?

కంపెనీవాళ్ల రోజుల్లో మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమ కూడా అందులోవే, శిస్తు బాకీ వసూలుకి మనిషినే హింసించేవాళ్లు. చేతివేళ్లని రెండు కర్రల మధ్య పెట్టి నొక్కడం, మనిషిని వంచి కట్టేసి ఎండలో నిలబెట్టడం. లండన్ పార్లమెంటులో గొడవైతే కమిషన్ వేశారు. 1855లో రిపోర్టు వచ్చింది. జరిగింది నిజమేనని ఒప్పుకున్నారు. 1864లో మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం వచ్చింది. మన ఊళ్లలో ఆర్.ఆర్. యాక్ట్ అని భయపెడతారే, అదే. ఆంధ్రప్రదేశ్ పేరు తగిలించుకుని ఇవాళ్టికీ ఉంది.

ఈ జప్తు మీద మా వైపు జనం తిరగబడ్డ కథ ఒకటి ఉంది. 1921-22లో పెదనందిపాడు పన్నుల నిరాకరణ. పర్వతనేని వీరయ్య చౌదరి గారు ముందుండి నడిపించారు. శాంతిసేన అని వాలంటీర్లని కూడగట్టారు. కరణాలు, మునసబులు రాజీనామాలు చేశారు. సర్కారు రూథర్‌ఫర్డ్ అనే దొరని ప్రత్యేకంగా పంపించింది. పశువుల్ని, సామాన్ని జప్తు చేశారు. చేసి ఏం లాభం? వేలం వేస్తే పాటపాడేవాడు ఊళ్లో ఒక్కడు లేడు. జప్తుకి బలం వేలంలో ఉంది. కొనేవాడు లేకపోతే అమీనా చేతిలో ఉన్నది బరువే, డబ్బు కాదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీగారు ఉద్యమం ఆపెయ్యమంటే ఇక్కడా ఆపేశారు. మా తాత ఈ కథ చెప్పేటప్పుడు, మా వీధిలో 1990లో కాటాకి పాటపాడినవాళ్ల పేర్లు కూడా చెప్పేవాడు. ఆ పేర్లు నేనిక్కడ రాయను.

ఇప్పుడు అసలు సంగతి. ఇండియాలో కోర్టు బాకీల వసూలుకి 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఉంది. దొరలు చేసిందే, ఇప్పటికీ అదే. అందులో 60వ సెక్షన్ చదివించుకున్నా. బాకీదారుడికీ భార్యాపిల్లలకీ కావలసిన బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పక్కబట్టలు జప్తు చెయ్యకూడదు. ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తియ్యకూడని నగ పట్టకూడదు. అంటే మంగళసూత్రం లాంటిది. చేతిపనివాడి పనిముట్లు పట్టకూడదు. రైతుకి సేద్యానికి కావలసిన పశువులు, పనిముట్లు, విత్తనాలు, అతను ఉండే ఇల్లు పట్టకూడదు. కూలీల జీతం పట్టకూడదు. ఇంకోచోట, అప్పున్నవాడిది కాని వస్తువు పట్టుకుపోతే దాని సొంతదారు కోర్టులో అడగొచ్చు అని ఉంది.

అంటే మా అమ్మ మిషను రెండు రకాలుగా దక్కాల్సింది. అప్పు నాన్నది, మిషను అమ్మది. పైగా అది కూడుపెట్టే పనిముట్టు. మంగళగిరిలోనో, మచిలీపట్నంలోనో ఎవరైనా ప్లీడరుగారు ఒక్క అర్జీ రాస్తే వచ్చేసేది. మాకు చెప్పినవాళ్లు లేరు. మేం అడగనూ లేదు.

అదే కోడులో 62వ సెక్షన్ చూసి మాత్రం నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. పొద్దుగూకాక, పొద్దు పొడవకముందు ఇంట్లోకి జప్తుకి రాకూడదు. బాగానే ఉంది. కానీ ఇల్లు బాకీదారుడి స్వాధీనంలోదై ఉండి, వాడు రానివ్వకుండా అడ్డుపడితే వీధి తలుపు పగలగొట్టొచ్చు! బ్లాక్‌ఫ్రయర్స్‌లో గ్రెషమ్ తలుపు కోట, పర్చూరులో మా నాన్న తలుపు ఉత్త చెక్క. రూలు రాసింది ఒకే జాతివాళ్లు. ఆ తేడా స్వాతంత్ర్యం వచ్చాక కూడా అలాగే ఉండిపోయింది.

మన దేశంలో బాకీకి సివిల్ జైలు ఇంకా పూర్తిగా పోలేదు కూడా. 1980లో సుప్రీంకోర్టులో కృష్ణయ్యర్ గారు కొచ్చిన్ బ్యాంకు కేసులో గీత గీశారు: ఇవ్వగలిగి ఎగ్గొట్టేవాడు వేరు, ఇవ్వలేనివాడు వేరు, పేదరికానికి జైలు శిక్ష కుదరదని. 2010లో మన ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ వాళ్ల గొడవ మీ అందరికీ తెలుసు. వారం వారం వచ్చి గుమ్మంలో కూర్చోవడం, పరువు తియ్యడం, ఆడవాళ్లు ప్రాణాలు తీసుకోవడం. ఆ అక్టోబర్లో ఆర్డినెన్సు తెచ్చారు. వసూళ్లు ఇంటి గడప దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ ఉండే చోట జరగాలన్నారు. బలవంతం చేస్తే నేరమన్నారు. మళ్లీ అదే చూడండి, గడప దగ్గర గీత.

సరే, బ్రాక్‌నెల్ ఇంటికి తిరిగొద్దాం.

మేం మర్నాడు సిటిజన్స్ అడ్వైస్‌కి పోయాం. తర్వాత బిజినెస్ డెట్‌లైన్ అని ఉంది, దానికి ఫోన్ చేశాం. రెండూ డబ్బు తీసుకోవు. వాళ్లు చెప్పింది, నేను చదివి సరిచూసుకుంది కలిపి రాస్తున్నా. ఇది ఇంగ్లండు, వేల్స్ సంగతి. స్కాట్లండు లెక్క వేరు.

2007లో చేసిన చట్టం 2014 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చింది. బెయిలిఫ్‌కి ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంటని పేరు మార్చారు. మామూలుగా వచ్చేముందు కనీసం 7 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. పొద్దున 6 నుంచి రాత్రి 9 లోపే రావాలి. మామూలు బాకీకి ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు తలుపు బద్దలు కొట్టి, తోసుకుని రాకూడదు. సెమేన్ కేసు ఇప్పటికీ బతికే ఉంది. మనం తీసిన తలుపులోంచి నడిచి వస్తే మాత్రం వచ్చినట్టే లెక్క. కోర్టు జరిమానాలకి, కొన్ని పన్ను బాకీలకి రూలు వేరు. కొట్టు, గోడౌను లాంటి వ్యాపార స్థలమై, కోర్టు తీర్పు ఉన్న బాకీ అయితే బలవంతంగా తెరవొచ్చు. ఇంట్లో పదహారేళ్ల లోపు పిల్లలు మాత్రమే ఉంటే లోపలికి రాకూడదు.

మన చెల్లెలు తలుపు తీసింది. భయపడి, పోలీసులనుకుని. తీయకపోయినా నేరం కాదు. తలుపు వేసి ఉంచి, కిటికీ దగ్గర నిలబడి, గుర్తింపు కార్డు, కాయితం చూపించమని అడగొచ్చు. 1888 నాటి సర్టిఫికెట్ రూలుకి ఇప్పటి రూపం అది. వాళ్లని నెట్టడం, కొట్టడం, కావాలని అడ్డుపడటం మాత్రం నేరం. జాబితాలో రాసిన వస్తువుని తర్వాత దాచెయ్యడం కూడా నేరమే. ఇంకోటి, వాళ్లు పోలీసులు కాదు, ఇమ్మిగ్రేషన్ వాళ్లూ కాదు. సివిల్ బాకీ నేరం కాదు. ఆ తమ్ముడు అడిగిన మొదటి మాట "అన్నా, వీసా పోతదా?" అని. ఆ భయమే తలుపు తీయించింది, కవర్లు మూసి పెట్టించింది.

మనవాడు ఆ రోజు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాడు. సామాను ఇంట్లోనే ఉంటుంది, నువ్వు వాయిదాలు కట్టాలి అని. అది చెడ్డదేం కాదు. కట్టగలిగితే సామాను నిలుస్తుంది. హైకోర్టు వాళ్లు వచ్చినప్పుడు సంతకం పెట్టి మాట నిలబెట్టుకుంటే రెండో దశ ఫీజు తప్పుతుంది. 2014 రూల్స్‌లో మొదటి నోటీసుకే 75 పౌండ్లు, ఇంటికొస్తే 190, సంతకం పెట్టకపోతేనో మాట తప్పితేనో ఇంకో 495 పెట్టారు. పెద్ద బాకీలైతే శాతం కూడా కలుస్తుంది. మాట తప్పితే రెండోసారి వాళ్లు నోటీసిచ్చి తలుపు బలవంతంగా తెరవొచ్చు. కాబట్టి కట్టగలిగినంతే రాయించుకోవాలి.

ఇక సామాను. పొయ్యి, ఫ్రిజ్, బట్టల మిషను, పక్కబట్టలు లాంటివి ఇంటికి కావలసినంత వరకు పట్టరు. సొంత పనికి తప్పనిసరైన పనిముట్లు, అన్నీ కలిపి 1,350 పౌండ్ల విలువ దాకా పట్టరు. 1846లో 5 పౌండ్లు, ఇప్పుడు 1,350. మనవాడి టైల్ కటింగ్ మిషను పాతది. దాని విలువ, మిగతా పనిముట్ల విలువ రాసి పంపితే జాబితాలోంచి తీసేశారు. వ్యాను ఫైనాన్సులో ఉంది, అంటే ఇంకా వాడిది కాదు, ఫైనాన్సు కంపెనీది. ఆ కాయితం చూపిస్తే అదీ వదిలేశారు. అప్పు లిమిటెడ్ కంపెనీ పేరు మీద ఉండి, మనం సొంత పూచీ రాయకపోతే, కంపెనీ బాకీకి మన ఇంటి సామాను పట్టరాదు. భార్య సామాను, రూమ్మేటు సామాను మన బాకీకి పట్టరాదు. రసీదు ఉంటే చూపించండి. రసీదులు దాచుకోండి.

వ్యాను కాయితం తీసుకున్నాక కారులో కూర్చుని అమ్మకి వీడియో కాల్ చేశా. మిషను సంగతి చెప్పా. "నీది తీసుకుపోకూడదంటమ్మా" అన్నా. అమ్మ కాసేపు ఊరుకుంది. "ఎవరికి తెలుసురా అప్పుడు" అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది, నాకు అదివరకు తెలియదు. నాన్న దగ్గర రైతుల నోట్లు పెట్టె నిండా ఉండేవట. దావా వెయ్యమని అందరూ చెప్పారట. "వాళ్ల గుమ్మంలోకి అమీనాని పంపించి నేనేం తినాలి" అన్నాడట. నోట్లన్నీ కాలం చెల్లి పోయాయి.

నాన్న చేసింది ఒప్పో తప్పో నేను తేల్చలేను. పేట వ్యాపారికీ పిల్లలున్నారు. ఇక్కడ సామాన్ల కొట్టువాడికీ జీతాలివ్వాలి. అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పట్లేదు. తీసుకున్నది ఇవ్వాల్సిందే. మన తమ్ముడు నెలకింత అని కడుతున్నాడు. తనకి ఎగ్గొట్టిన బిల్డరు మీద వాడూ కౌంటీ కోర్టులో క్లెయిమ్ వేశాడు. చట్టం ఒక్కవైపుకే కాదు కదా.

నేను అడిగేది ఒక్కటే. కవరు చింపండి. కౌంటీ కోర్టు నుంచి క్లెయిమ్ వస్తే జవాబుకి 14 రోజులు ఉంటుంది. జవాబు రాయకపోతే మన మాట వినకుండానే తీర్పు అయిపోతుంది. తీర్పు వచ్చాక నెల లోపల మొత్తం కట్టేస్తే రికార్డులోంచి పేరు తీసేస్తారు, లేకపోతే ఆరేళ్లు ఉంటుంది. 600 పౌండ్లు దాటిన తీర్పుని హైకోర్టు వాళ్లకి పంపించుకునే వీలు అప్పిచ్చినవాడికి ఉంది. ఉత్తరం అసలు రాలేదు, పాత అడ్రసుకి పోయింది అంటే తీర్పు కొట్టేయమని ఎన్‌244 ఫారం వెయ్యొచ్చు. వెంటనే వెయ్యాలి, నాన్చకూడదు. ఇల్లు మారితే సామాన్ల కొట్టుకి, బ్యాంకుకి కొత్త అడ్రసు చెప్పండి.

ఇంగ్లీషు రాకపోతే సిగ్గుపడకండి. నాదీ పదో తరగతే. కవరు ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, పేరు, నంబరు చెరిపేసి. తెలిసినవాళ్లు చెప్తారు. ఇంట్లో ఆడవాళ్లకి కూడా ఈ తలుపు సంగతి చెప్పి ఉంచండి. మనం ఆరింటికే సైటుకి పోతాం. తలుపు కొట్టినప్పుడు ఇంట్లో ఉండేది వాళ్లే.

ఉంటాను. రేపు పొద్దున కాంక్రీటు పోత ఉంది.